లైట్లు పెట్టించాక ఇంజన్ హీటెక్కుతోందా? తరచుగా అడిగే ప్రశ్నలు

ఎక్స్‌ట్రా ఫాగ్ ల్యాంపులో, లైట్ బారో, ఎక్కువ వాట్ల హెడ్‌లైట్ బల్బులో వేయించిన కొద్ది రోజులకే టెంపరేచర్ ముల్లు పైకి పాకితే అనుమానం లైట్ల మీదికే పోతుంది. చాలాసార్లు ఆ అనుమానంలో నిజం ఉంటుంది. కాకపోతే తప్పు లైట్లలో కంటే వాటిని బిగించిన పనిలో ఉంటుంది. బంపర్ విప్పినప్పుడు ఏదో కదిలి ఉంటుంది, లేదా వైరు కలపకూడని చోట కలిపి ఉంటారు. రేడియేటర్ ముందువైపు ఉండే మామూలు పెట్రోల్, డీజిల్ కార్లను దృష్టిలో పెట్టుకుని రాసిన సమాధానాలివి.

రోడ్డు మీద ఉండగానే ముల్లు ఎర్ర గీత దగ్గరికి వచ్చింది. ముందేం చేయాలి?

ఏసీ ఆపేయండి. అదనపు లైట్లు వెలుగుతుంటే ఆర్పేయండి. హీటర్ ఫుల్‌లో పెట్టి బ్లోయర్ స్పీడు పెంచండి. మే నెల మధ్యాహ్నం ఒంగోలు బైపాస్ మీద హీటర్ వేసుకోవడం నరకమే. అయినా హీటర్‌లో తిరిగేది ఇంజన్ కూలెంటే కాబట్టి కొంత వేడి అటు నుంచి బయటికి పోతుంది. ఆలోగా చోటు చూసుకుని పక్కకు ఆపండి.

ముల్లు ఇంకా గీత తాకలేదు, ఆవిరి లేదు, ఫ్యాన్ గట్టిగా తిరుగుతున్న శబ్దం వినిపిస్తోంది అంటే రెండు నిమిషాలు ఐడ్లింగ్‌లో ఉంచి చూడొచ్చు. ఆవిరి కనిపించినా, ఎర్ర దీపం వెలిగినా, ఫ్యాన్ తిరగకపోయినా ఇంజన్ వెంటనే ఆపేయాలి.

రేడియేటర్ మూత జోలికి మాత్రం పోవద్దు. లోపలి కూలెంట్ వంద డిగ్రీలు దాటినా మరగకుండా ఉండేది ప్రెషర్ వల్లే. మూత తిప్పగానే ఆ ప్రెషర్ పోయి, మరిగే నీళ్లు, ఆవిరి కలిసి మొహం మీదికి ఎగజిమ్ముతాయి. ముప్పావు గంటైనా ఆగి, పై హోస్ పైపు చేత్తో పట్టుకోగలిగేంత చల్లబడ్డాకే విప్పండి. మసిలిపోతున్న ఇంజన్ మీద బకెట్‌తో చన్నీళ్లు కుమ్మరించడం కూడా వద్దు, సిలిండర్ హెడ్ పగిలే ప్రమాదం ఉంది.

నిజంగా హీటెక్కుతోందా, మీటరే తప్పు చూపిస్తోందా?

ఈ ప్రశ్న చాలామంది అడగరు. నేరుగా రేడియేటర్ విప్పించేస్తారు. కానీ మొదట తేలాల్సింది ఇదే.

ఇంజన్‌లో లీటర్ల కొద్దీ కూలెంట్, పదుల కిలోల లోహం ఉంటాయి. అవి స్విచ్ నొక్కిన సెకనులో వేడెక్కవు, ఆర్పిన సెకనులో చల్లబడవు. లైట్ వేయగానే ముల్లు టక్కున లేచి, ఆర్పగానే టక్కున దిగిపోతుంటే అక్కడ వేడి లేదు, ఎర్త్ (కరెంటు బాడీ గుండా బ్యాటరీకి తిరిగి వెళ్లే దారి) సరిగా లేదు. లైట్ల కరెంటు మీటర్ ఎర్త్ దారిలోంచి వెనక్కి పోతూ రీడింగును తారుమారు చేస్తోంది. పాత మోడళ్లలో ఇది ఎక్కువ. అదే సమయంలో పెట్రోలు ముల్లు కూడా కదులుతుంటే ఇక సందేహమే అక్కర్లేదు. లైట్ల ఎర్త్ వైరు వేరే చోటికి మార్చి, డ్యాష్‌బోర్డు ఎర్త్ బోల్టు శుభ్రం చేయిస్తే సరిపోతుంది.

ముల్లు నిదానంగా, ఐదు పది నిమిషాల్లో ఎక్కుతుంటే అది నిజమైన వేడి.

ఇంకా ఖాయం చేసుకోవాలంటే ఒక బ్లూటూత్ ఓబీడీ స్కానర్ కొనండి. గత పదేళ్లలో వచ్చిన దాదాపు ప్రతి కారుకీ స్టీరింగ్ కింద దాని సాకెట్ ఉంటుంది. ఫోన్‌లో యాప్ తెరిస్తే కూలెంట్ టెంపరేచర్ డిగ్రీల్లో కనిపిస్తుంది. డ్యాష్‌బోర్డులో ముల్లు లేకుండా నీలం, ఎరుపు దీపాలు మాత్రమే ఉన్న చిన్న కార్లకు ఇది మరీ అవసరం, ఎందుకంటే ఆ ఎరుపు వెలిగేసరికి ఆలస్యమైపోతుంది. థర్మోస్టాట్ (ఇంజన్ వేడెక్కాక కూలెంట్‌ని రేడియేటర్‌కి వదిలే వాల్వు) సాధారణంగా 82 నుంచి 88 డిగ్రీల మధ్య తెరుచుకోవడం మొదలుపెడుతుంది. ఫ్యాన్ చాలా కార్లలో 95–100 ప్రాంతంలో అందుకుంటుంది. కాబట్టి 90కీ 105కీ మధ్య ఊగుతుంటే టెన్షన్ పడక్కర్లేదు. 110 దాటి ఇంకా ఎక్కుతూనే ఉంటే బండి ఆపాలి.

స్కానర్ అంకె మీద కూడా అనుమానం వస్తే (సెన్సర్ వైరే దెబ్బతిని ఉండొచ్చు కదా) థర్మోస్టాట్ హౌసింగ్ మీద ఇన్‌ఫ్రారెడ్ థర్మామీటర్ పెట్టి సరిచూడొచ్చు. పది డిగ్రీలు అటూ ఇటూ ఉంటే పట్టించుకోకండి. నలభై డిగ్రీల తేడా ఉంటే సెన్సర్ కప్లర్ (వైర్లు తగిలించే ప్లగ్గు) చూడాలి.

లైట్ల లోడు వల్ల ఇంజన్ మీద భారం పడి హీటెక్కుతుందంటారు. నిజమేనా?

కాదు. లెక్క వేసి చూడండి. రెండు వంద వాట్ల బల్బులంటే 200 వాట్లు. డైనమోలో, బెల్టులో పోయే నష్టం కూడా కలిపితే ఇంజన్ నుంచి అదనంగా లాగేది సుమారు అర హార్స్‌పవర్. ఎనభై హార్స్‌పవర్ ఇంజన్‌కి అది లెక్కలోకే రాదు. ఏసీ కంప్రెసర్ దానికి ఎన్నో రెట్లు లాగుతుంది.

మరి కరెంటు వైపు నుంచి ప్రమాదమే లేదా?

ఉంది, అయితే ఇంజన్‌కి కాదు, రేడియేటర్ ఫ్యాన్‌కి. ఫ్యాన్ మోటారు వేగం దానికి అందే వోల్టేజ్‌ని బట్టి ఉంటుంది. 13.5 వోల్టులు అందాల్సిన చోట 11 అందితే ఫ్యాన్ తిరుగుతూనే ఉంటుంది, గాలి మాత్రం చాలదు. చూసినవాళ్లు ‘ఫ్యాన్ బాగానే ఉందండీ’ అనేస్తారు.

వోల్టేజ్ ఇలా పడిపోవడానికి రెండు మూడు దారులున్నాయి. అన్నిటికంటే మామూలుది ఎర్త్. లైట్లు బిగించేవారికి బండి ముందు భాగంలో చేతికందే బోల్టు ఒకటి కనిపిస్తుంది, లైట్ల నల్ల వైరు దానికే తగిలిస్తారు. చాలా కార్లలో ఫ్యాన్ ఎర్త్ కూడా ఆ చుట్టుపక్కలే ఉంటుంది. బోల్టు కింద పెయింటు గీకరు, తుప్పు ఉంటే తుడవరు, రెండు రింగులు ఒకదాని మీద ఒకటి వదులుగా కూర్చుంటాయి. లైట్లు వేయగానే పదిహేను ఆంపియర్లు అదే బోల్టు గుండా పోవాలి. అక్కడ పోయిన వోల్టేజ్ అంతా ఫ్యాన్‌కి తగ్గినట్టే.

రెండోది ఫ్యాన్ ఫ్యూజ్ నుంచే లైట్లకు కరెంటు లాగడం. దీని గుర్తు చాలా తేలిక. లైట్లు, ఫ్యాన్ ఒకే రోజు చనిపోతాయి.

మూడోది డైనమో సామర్థ్యం. చిన్న కారు డైనమో మీద రాసి ఉండే ఆంపియర్లు వేగంగా తిరిగినప్పటివి. ఐడ్లింగ్‌లో ఇచ్చేది చాలా తక్కువ. రాత్రి వానలో, ట్రాఫిక్‌లో ఏసీ, వైపర్లు, హెడ్‌లైట్లు, దానికి తోడు లైట్ బార్ వేస్తే బ్యాటరీ ఎదురు ఇవ్వాల్సి వస్తుంది, సిస్టం మొత్తం 12 వోల్టులకు దిగుతుంది.

పాత జీపుల్లో, కొన్ని పెద్ద డీజిల్ బండ్లలో ఫ్యాన్ బెల్టుతో తిరుగుతుంది. వాటికి ఈ సమాధానం వర్తించదు.

మల్టీమీటర్ ఉంది. ఎక్కడెక్కడ పెట్టాలి?

డయల్‌ను 20 వోల్ట్ డీసీలో పెట్టండి. ఇంజన్ స్టార్ట్ చేసి ముందు బ్యాటరీ టెర్మినళ్ల మీద చూడండి. 13.5 నుంచి 14.5 మధ్య ఉంటే డైనమో బాగుంది. కొన్ని కొత్త కార్లలో డైనమోని కంప్యూటరే అదుపు చేస్తుంది కాబట్టి 12.8 చూపించినా తప్పు కాదు. అలాంటి బండిలో హెడ్‌లైట్లు, బ్లోయర్ వేశాక అంకె పెరగాలి.

తర్వాత అసలు పరీక్ష. ఏసీ వేయండి, చాలా కార్లలో దాంతో ఫ్యాన్ కూడా తిరుగుతుంది. నల్ల ప్రోబ్‌ను బ్యాటరీ నెగటివ్ మీద, ఎర్ర ప్రోబ్‌ను ఫ్యాన్ ఎర్త్ బోల్టు మీద పెట్టండి. రెండూ ఎర్తే కాబట్టి సున్నాకి దగ్గరగా రావాలి. 0.1, 0.2 అయితే ఫర్వాలేదు. ఇప్పుడు కొత్త లైట్లు వేయించండి. అంకె 0.5 దాటి ఎగిరిందా? దొంగ దొరికినట్టే. ఇదే పద్ధతిలో బ్యాటరీ పాజిటివ్‌కీ ఫ్యాన్ కప్లర్‌లోని పాజిటివ్ వైరుకీ మధ్య కూడా చూడండి.

చేతులు, చొక్కా అంచులు, ప్రోబ్ వైర్లు ఫ్యాన్‌కి దూరంగా పెట్టుకోండి. ఇంజన్ ఆపినా కొన్ని కార్లలో ఫ్యాన్ దానంతటదే మొదలవుతుంది.

మల్టీమీటర్ లేదు, మెకానిక్ దగ్గరికి వెళ్లే ముందు ఇంట్లోనే తేల్చుకునే దారి ఉందా?

ఉంది. ఒకే రూటులో, ఒకే వేళలో, ఏసీ ఒకేలా పెట్టి రెండు విడతలుగా నడిపి చూడండి.

మొదట లైట్లు బిగించే ఉంచి, ఆర్పి నడపండి. వేడి రాకపోతే తప్పు కరెంటు వైపు ఉంది. వేడి వస్తే లైట్ల ఫ్యూజ్ పీకేసి, లైట్లను లేదా లైట్ బార్‌ను గ్రిల్ ముందు నుంచి తీసేసి మళ్లీ నడపండి. ఇప్పుడు తగ్గితే గాలికి అడ్డం పడుతున్నట్టు. అప్పటికీ తగ్గకపోతే బిగించేటప్పుడు ఏదో చెడగొట్టారు, లేదా లైట్లకు సంబంధం లేని జబ్బు అదే సమయానికి బయటపడింది.

ఇక్కడ చాలామంది పట్టించుకోని విషయం ఒకటుంది. లైట్లు వేసేది రాత్రిపూట, బండి హీటెక్కేది పట్టపగలు. పగలు ఆర్పి ఉన్న లైట్లు కరెంటు తీసుకోవు కదా. అలాంటప్పుడు వైరింగ్ లోడు గురించి గంటలు గంటలు వాదించే బదులు గాలి దారి, ఫ్యాన్ కప్లర్, కూలెంట్ చూడటం మేలు.

ట్రాఫిక్‌లో హీటెక్కుతుంది, హైవే ఎక్కితే తగ్గిపోతుంది. అంటే?

ఫ్యాన్. బండి కదిలితే గాలి దానంతటదే వస్తుంది, ఆగితే ఫ్యాన్ మీదే ఆధారం.

దానికి రివర్స్. సిటీలో బాగుంటుంది, హైవేలో ముల్లు ఎక్కుతుంది.

గ్రిల్ ముందు ఏముందో చూడండి. ఏడంగుళాల రౌండ్ ల్యాంపు ఒక్కోటి సుమారు 250 చదరపు సెంటీమీటర్ల మేర గాలికి ఎదురు నిలుస్తుంది, రెండూ కలిస్తే 500. చిన్న కారు రేడియేటర్ 60 సెంటీమీటర్ల వెడల్పు, 35 ఎత్తు అనుకుంటే మొత్తం 2,100. ల్యాంపులు రేడియేటర్‌కి దూరంగా ఉంటే గాలి చుట్టూ తిరిగి వెళ్తుంది, గ్రిల్‌కి ఆనించి బిగిస్తే ఆ మేరకు నష్టమే. వాటి వెనకాల బుల్ గార్డు, దాని మీద ఫ్యాన్సీ నంబర్ ప్లేటు, దోమలు రాకుండా జాలీ కూడా ఉంటే కిటికీకి అట్ట అడ్డం పెట్టి కూలర్ వేసుకున్నట్టే. శ్రీశైలం, తిరుమల ఘాట్లలో తక్కువ గేరులో, ఏసీతో ఎక్కేటప్పుడు ఈ లోటు ముందుగా బయటపడుతుంది.

అడ్డం ఏమీ లేకపోయినా హైవేలో హీటెక్కుతుంటే రేడియేటర్ లోపల పూడుకుపోవడం, థర్మోస్టాట్ సగమే తెరుచుకోవడం, వాటర్ పంప్ అరగడం చూడాలి. వాటికీ లైట్లకీ సంబంధం లేదు.

ఫ్యాన్ తిరుగుతోంది, స్పీడుగానే ఉంది. ఇంకేం చూడాలి?

ఏ వైపు తిరుగుతోందో చూడండి. మామూలు కార్లలో ఫ్యాన్ రేడియేటర్ వెనక ఉండి గాలిని ముందు నుంచి లోపలికి లాగుతుంది. ఫ్యాన్ వైరు కోసి లైట్లకు కలిపి, మళ్లీ అతికేటప్పుడు రెండు వైర్లు తారుమారైతే మోటారు ఉల్టా తిరుగుతుంది. తిరగడం, శబ్దం అన్నీ ఉంటాయి. గాలి మాత్రం వేడి ఇంజన్ వైపు నుంచి బయటికి తోస్తుంది. ఒక న్యూస్ పేపర్ ముక్క గ్రిల్ ముందు పట్టుకోండి. అతుక్కుంటే సరే, ఎగిరి మీ మీదికి వస్తే వైర్లు మార్చాలి.

చల్లటి ఇంజన్ స్టార్ట్ చేసిన క్షణం నుంచే ఫ్యాన్ ఆగకుండా తిరుగుతూ, చెక్ ఇంజన్ దీపం వెలుగుతుంటే అది వేరే కథ. టెంపరేచర్ సెన్సర్ కప్లర్ ఊడి ఉండొచ్చు. సెన్సర్ నుంచి కబురు రాకపోతే చాలా కార్లలో కంప్యూటర్ ముందుజాగ్రత్తగా ఫ్యాన్‌ని పూర్తిగా వేసేస్తుంది.

బంపర్ విప్పినప్పుడు ఏమేం దెబ్బతినే అవకాశం ఉంది?

టార్చ్ పట్టుకుని వంగి చూస్తే సగం మీకే కనిపిస్తాయి. రేడియేటర్ పక్కల గాలి పక్కదారి పట్టకుండా పలచటి ప్లాస్టిక్ పలకలు, ఫోమ్ పట్టీలు ఉంటాయి. వాటి క్లిప్పులు విరిగితే చాలామంది తిరిగి పెట్టరు, ‘ఏం కాదులెండి’ అని డిక్కీలో పడేస్తారు. అవి లేకపోతే గాలి రేడియేటర్‌లోంచి పోకుండా పక్క నుంచి జారిపోతుంది. కింద ఉండే ప్లాస్టిక్ ట్రే కూడా ఊరికే పెట్టింది కాదు.

స్క్రూ కోసం డ్రిల్ చేసినప్పుడు మొన ఎక్కడిదాకా వెళ్లిందో చూడండి. ముందు ఉండేది ఏసీ కండెన్సర్, దాని వెనక రేడియేటర్. కండెన్సర్‌కి చిల్లు పడితే ఏసీ చల్లదనం పోతుంది, రేడియేటర్‌కి పడితే కింద పచ్చగానో గులాబీ రంగులోనో మరక కనిపిస్తుంది. రాత్రి బండి కింద అట్టముక్క పరిచి పొద్దున చూడటం మంచి పద్ధతి. సన్నటి కారడం అయితే వేడి మీదే కారి, అక్కడే ఆవిరైపోయి తెల్లటి చార మిగులుతుంది.

వైర్ల కట్టను టైతో బిగించేటప్పుడు హోస్ పైపు నొక్కుకుపోవడం, ఫ్యాన్ కప్లర్ క్లిక్ మనే దాకా నొక్కకుండా వదిలేయడం కూడా సాధారణం. కప్లర్ సగం కూర్చుంటే గుంతల రోడ్డు మీద ఒకసారి తగిలి, ఒకసారి తగలదు. అప్పుడు బండి మెకానిక్ ముందు ఒక్కసారి కూడా హీటెక్కదు.

ఎల్‌ఈడీలు పెట్టించాను, తక్కువ కరెంటే కదా?

తక్కువే, నిజం. ఒక్కోటి నిజంగా 30 వాట్లు అయితే రెండూ కలిపి ఐదు ఆంపియర్ల లోపే. ఎర్త్, కప్లర్లు, గాలి అడ్డంకి మాత్రం ఎల్‌ఈడీకైనా అవే. డబ్బా మీద రాసిన వాట్లను నమ్మకండి.

లైట్లు పూర్తిగా పీకేసినా హీటెక్కుతూనే ఉంది. ఇదేం ఖర్మ?

రెండు కారణాలు ఉండొచ్చు. ఒకటి, బంపర్ విప్పినప్పుడు హోస్ తీసి మళ్లీ నీళ్లు పోశారేమో కనుక్కోండి. లోపల గాలి చిక్కుకుంటే ఇంజన్ మసిలిపోతున్నా హీటర్ చల్లగాలే ఇస్తుంది, డ్యాష్‌బోర్డు వెనక గుడగుడ శబ్దం వస్తుంది. ఎయిర్ బ్లీడ్ చేయిస్తే, అంటే ఆ గాలిని బయటికి తీయిస్తే, పోతుంది.

రెండోది బాధాకరం. ఫ్యాన్ తిరగని బండిని పది పదిహేను కిలోమీటర్లు అలాగే నడిపి ఉంటే హెడ్ గ్యాస్కెట్ (సిలిండర్ హెడ్‌కీ ఇంజన్ బ్లాక్‌కీ మధ్య ఉండే సీలు) పోయి ఉండొచ్చు. మొదట లైట్ల వల్లే మొదలైనా, ఇప్పుడు వాటిని తీసేసినంత మాత్రాన తగ్గదు. కూలెంట్ బాటిల్‌లో ఆగకుండా బుడగలు, సైలెన్సర్ నుంచి తియ్యటి వాసనతో తెల్ల పొగ, ఆయిల్ మూత కింద కాఫీ మీగడ లాంటి పదార్థం, బయట ఎక్కడా కారకుండానే కూలెంట్ తగ్గిపోవడం దీని గుర్తులు. ఇలా ఉంటే బండి నడపొద్దు, టోయింగ్ ఖర్చు చూసుకుంటే హెడ్ ఖర్చు పెరుగుతుంది.

మెకానిక్ థర్మోస్టాట్ తీసేస్తే సరిపోతుందంటున్నాడు. తీయించనా?

వద్దు. మన ఎండలకు అది అనవసరం అనే మాట గ్యారేజీల్లో తాతల నాటి నుంచి ఉంది. తీసేస్తే ఇంజన్ సరైన వేడికి ఆలస్యంగా వస్తుంది, డీజిల్, పెట్రోలు ఎక్కువ తాగుతుంది, అసలు తప్పు మరుగున పడుతుంది. థర్మోస్టాట్ చెడిపోయి ఉంటే కొత్తది వేయించండి, ఖరీదైన భాగమేమీ కాదు. అలాగే కూలెంట్ బదులు బోరు నీళ్లు పోయించుకోకండి. ఉప్పు నీళ్ల ఊళ్లలో రేడియేటర్ లోపల పొర కట్టేది అందుకే. దారిలో గత్యంతరం లేక పోసినా, ఇంటికి చేరాక కడిగించి సరైన కూలెంట్ పోయించండి.

లైట్లు పెట్టిన షాపువాళ్లు తమకు సంబంధం లేదంటున్నారు. కంపెనీ వారంటీ ఉంటుందా?

వైరు కోసి అతికిన చోట, దానివల్ల చెడిన భాగానికి సర్వీస్ సెంటర్ వారంటీ నిరాకరించే అవకాశం ఎక్కువ. షాపుతో గొడవకు ముందు ఎర్త్ బోల్టు, అతుకులు, ఊడిన కప్లర్ ఫొటోలు తీసుకోండి. మల్టీమీటర్ అంకె లైట్లు వేసినప్పుడు, ఆర్పినప్పుడు ఎంతుందో చిన్న వీడియో తీస్తే మాటల అవసరం తగ్గుతుంది. మెకానిక్‌కి కూడా ‘హీటెక్కుతోంది’ అని ఊరుకోకుండా ఎప్పుడు, ఎంత స్పీడులో, ఏసీ ఉందా లేదా, లైట్లు వెలిగాయా లేదా చెప్పండి. సగం పని అక్కడే అయిపోతుంది.

అసలు ఇవి పెట్టుకోవడం చట్టబద్ధమేనా?

మోటారు వాహనాల చట్టం 52వ సెక్షన్ ప్రకారం రిజిస్ట్రేషన్ సర్టిఫికెట్‌లోని వివరాలకు తేడా వచ్చేలా బండిని మార్చకూడదు. బుల్ గార్డులు, క్రాష్ గార్డుల మీద చర్య తీసుకోమని కేంద్ర రవాణా శాఖ 2017 డిసెంబరులో రాష్ట్రాలకు రాసింది. వాటికే లైట్లు బిగించి ఉంటే వేడి సంగతి అటుంచి జరిమానాకు కూడా సిద్ధపడాలి. ఎదుటివాడి కళ్లు చెదిరేలా ఊళ్లో లైట్ బార్ వేసుకుని తిరగడం ఏ రకంగానూ సమర్థించలేం.

కొత్తగా పెట్టించబోతున్నాను. ఏం అడిగి చేయించుకోవాలి?

రిలే (స్విచ్ నుంచి వచ్చే చిన్న కరెంటుతో లైట్ల పెద్ద కరెంటును ఆన్ చేసే పరికరం) తప్పనిసరి. నాలుగు కాళ్ల రిలేలో 30 నంబరు కాలికి బ్యాటరీ నుంచి, 87 నుంచి లైట్లకు, 86కి స్విచ్ నుంచి, 85 నుంచి ఎర్త్‌కి. బ్యాటరీ పాజిటివ్‌కి జానెడు దూరంలోపే ఫ్యూజ్ ఉండాలి, లేకపోతే మధ్యలో వైరు రాసుకుపోయిన రోజు మంటలే. పదిహేను ఆంపియర్లకు 2.5 చదరపు మిల్లీమీటర్ల రాగి వైరు అడగండి. ఎర్త్ కోసం ఫ్యాన్ బోల్టు కాకుండా బాడీ మీద వేరే చోటు, పెయింటు గీకి, రింగు టెర్మినల్‌తో. బ్యాటరీ నెగటివ్ మీద చిన్న సెన్సర్ బిగించి ఉన్న కార్లలో లైట్ల ఎర్త్‌ని నేరుగా ఆ టెర్మినల్‌కి తగిలించనివ్వకండి. ఆ కరెంటు సెన్సర్ లెక్కలోకి రాదు, చార్జింగ్ తప్పుతుంది. ఫ్యాక్టరీ వైర్లు కోయకుండా కప్లర్‌తో తగిలే రిలే కిట్లు విజయవాడ ఆటోనగర్‌లోనూ, హైదరాబాద్ రాణీగంజ్‌లోనూ దొరుకుతాయి.

బిగించాక డబ్బులిచ్చే ముందు ఇంజన్ ఐడ్లింగ్‌లో ఉంచి, కొత్త లైట్లన్నీ వేయించి, ఏసీ ఆపి అక్కడే నిలబడండి. ఫ్యాన్ దానంతటదే ఆన్ అయి, ముల్లును దించి, ఆగాలి. రెండోసారి కూడా అలా జరిగాకే అక్కణ్నుంచి కదలండి.